ఎండలో పెట్టిన నీళ్ళు

నేను చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతి వరకే. ఆ చదువుతోనే ముప్ఫై ఒక్క ఏళ్ళు సర్వే పనిలో ఉన్నాను. అందులో పద్దెనిమిదేళ్ళు మేస్త్రీని. పంతొమ్మిది కొండల మీద హద్దురాళ్ళు పాతించాను. నా కొలతలో జానెడు తేడా వచ్చిందని ఏ ఇంజనీరూ అనలేదు. పుస్తకం చూడకుండా రాళ్ళ నంబర్లు వరసగా అప్పజెప్పేవాణ్ణి. గొప్పలకు చెప్పడం లేదు, ఉన్నమాట. అలాంటివాణ్ణి ఒక్క మనిషి ముందు మాత్రం తల ఎత్తలేకపోయాను. ఆవిడ మా క్యాంపు వంటమనిషి. అందరం అక్కా అని పిలిచేవాళ్ళం. ఆవిడ గురించి వేరే ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

అక్క మా దగ్గరికి రాకముందు ఒక మిల్లు క్యాంటీనులో ఇరవై రెండేళ్ళు వండింది. మనిషి పొట్టి, మాట గట్టి. ఒక ఏడాది వరదలో వాళ్ళ పేట మునిగితే జనాన్నంతా ఒక గోదాములో పెట్టారు. అక్కడ పొయ్యి లేదు, ఉన్న కట్టెలు తడిసిపోయాయి. ఆవిడ చెల్లెలి కూతురు, నాలుగేళ్ళ పిల్ల, దాహమని ఏడిస్తే ఎవరో ఒక గ్లాసు నీళ్ళు పట్టారట. చూడటానికి తేటగానే ఉన్నాయట. మూడో రోజుకు పిల్ల లేదు. ఆ తరవాత వచ్చిన నర్సు, ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు నింపి, క్రిములు చచ్చేలా ఎండలో ఎలా పెట్టాలో అందరికీ నేర్పింది. "ఆ నర్సమ్మ నాలుగు రోజులు ముందొచ్చుంటే..." అని అక్క నాతో ఒకసారి అంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ వేసవిలో మాకు అడవి లోపల హద్దు గీసే పని పడింది. ఎనిమిది మందిమి, పన్నెండు రోజులు. అటవీశాఖ గేటు దగ్గరే మా జేబులు తడిమి అగ్గిపెట్టెలు, సిగరెట్లు, స్టవ్వు అన్నీ తీసేసుకున్నారు. ఒక్క రవ్వ పడితే కొండ కొండంతా అంటుకునే కాలం అది. జీపు మమ్మల్ని వాగు పక్కన దించి, పన్నెండో రోజు వస్తానని వెళ్ళిపోయింది. ఫోను పలికే చోటికి రెండు రోజుల నడక. నీళ్ళు శుద్ధి చేయడానికి ఆఫీసువాళ్ళిచ్చిన బిళ్ళలు దారిలోనే తడిసి ముద్దయిపోయాయి.

అక్క అదేమీ పట్టించుకోలేదు. వాగునీళ్ళు బకెట్లో పోసి తేరనిచ్చి, నాలుగు మడతల గుడ్డతో వడగట్టి, లీటరు సీసాల్లో నింపేది. నల్లరంగు వేసిన రేకు మీద వాటిని పడుకోబెట్టేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచి ఎండ తగిలాక సీసా మెడకు ఎర్ర దారం కట్టేది. దారం ఉంటేనే నోట్లోకి, లేకపోతే కాళ్ళు కడుక్కోవడానికి. తిండికి నానబెట్టిన శనగలు, గుడ్డలో మొలకెత్తించిన పెసలు, దోసకాయ, నిమ్మరసం, ఉప్పు, వేరుశనగలు, ఖర్జూరాలు. మొలకలు కడగడానికి కూడా దారం కట్టిన సీసాయే వాడేది.

"గుర్రాలకు పెట్టేది మాకు పెడుతున్నావక్కా," అన్నాడు పొదలు నరికే పొడుగోడు.

"గుర్రాలు నీలా సణగవురా."

"ఇంకో నాలుగు రోజులు పోతే మాకే మొలకలొస్తాయి."

"రానీ. కోసి వీళ్ళకి పెడతాను. నువ్వు పనికొచ్చేది ఆ ఒక్కదానికే."

మాతో వచ్చిన ఇంజనీరు పొట్ట పట్టుకుని నవ్వాడు. కుర్రవాడు, పెళ్ళయి ఆరు నెలలు. నన్ను "మేస్త్రీగారూ" అని పిలిచేవాడు.

ఏడో రోజు నుంచి గాలి మారింది. ఎక్కడో చాలా దూరాన అడవి తగలబడుతోంది. మంట కనబడలేదు, పొగ వచ్చింది. సూర్యుడు రాగి బిళ్ళలా మసకబారాడు. మధ్యాహ్నం వేళ కూడా మా నీడలు సరిగా పడలేదు. వాగు మడుగులుగా విడిపోయింది. పై మడుగులో ఒక జింక చచ్చి ఉబ్బి పడి ఉంది. అంతకుముందు పొద్దున్నే మడుగు మీద వాలే పిట్టలు ఆ రోజు నుంచి వాలలేదు.

అక్క రేకు మీద చెయ్యి పెట్టి చూసింది. "వేడి లేదు, వెలుగూ లేదు. ఇకనుంచి సీసాకి రెండు రోజులు," అంది. మొలకెత్తించడం మానేసింది, కడగడానికి నీళ్ళు చాలవని. మనిషికి పూటకు ఒక గ్లాసు అని కట్టడి చేసింది. మావాళ్ళు సగానికి వచ్చిన సీసాల వంక చూసి పెదాలు తడుపుకునేవాళ్ళు. వాగు వంక ఎవరూ చూడరాదని అక్క చెప్పింది. అందరం చూస్తూనే ఉన్నాం.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మా అమ్మ ఇంట్లో సగం బిందె ఉండనిచ్చేది కాదు. ఎవరు నీళ్ళకు వెళ్ళొచ్చినా అన్నిటినీ అంచుదాకా నింపాల్సిందే. ఆ అలవాటు నాకు ఒంటబట్టింది. ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు సాయంత్రాలు, అక్క చీర ఉతుక్కోవడానికి వెళ్ళినప్పుడు, దారం కట్టిన సగం సీసాల్ని వడగట్టిన బకెట్లోంచి నింపాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. సగం ఎలాగూ ఎండ తిన్నవే కదా, దానికి కాస్త కలిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. తెల్లారి నిండు సీసాలు చూస్తే మావాళ్ళకు కాళ్ళలో బలం వస్తుందనుకున్నాను. మేస్త్రీ అన్నవాడు అవన్నీ చూసుకోవాలి కదా.

పదో రోజు పొద్దున అక్క ఒక సీసా పైకెత్తి చూసింది.

"మేస్త్రీ, ఇందులో నిన్న సగమే ఉన్నాయి కదా."

"ఉన్నాయి."

"ఇప్పుడు మెడదాకా ఉన్నాయేం?"

"నేనే నింపానక్కా. మనవాళ్ళ మొహాలు వేలాడిపోతుంటే..."

"దేంతో నింపావు?"

"వడగట్టిన నీళ్ళే. తేటగా ఉన్నాయి."

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుంది. "ఎన్ని సీసాలు?"

"నాలుగో అయిదో."

"నాలుగా, అయిదా?"

లెక్క గుర్తులేదు. ఏవి నింపానో చూపించమంది. పద్నాలుగు సీసాలూ ఒక్కలాగే ఉన్నాయి. కత్తి తీసి దారాలన్నీ కోసేసింది. సీసాలన్నిటినీ మళ్ళీ రేకు మీద పరిచింది. తన బట్టల పెట్టెలో మాత్రం అంతకుముందే రెండు సీసాలు దాచి ఉంచుకుంది. క్యాంపంతటికీ నమ్మకమైన నీళ్ళు ఇక ఆ రెండు లీటర్లే. పని ఆపించి అందరినీ నీడన పడుకోమంది. ఉన్న పదకొండు దోసకాయల్ని గీకి ముక్కలు కోసి పంచింది.

"వీటిని నమలండి. మాట్లాడకండి. నోరు ఎండిపోద్ది."

పొడుగోడు కూడా సణగకుండా నమిలాడు.

మధ్యాహ్నానికి ఇంజనీరుకు వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి కడుపు నీళ్ళలా పోయింది. అక్క తన సీసాలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి చెంచాతో పట్టింది. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టింది. పదకొండో రోజు పొగ ఇంకా దట్టమైంది. సూర్యుడు ఏ పక్కనున్నాడో తెలియలేదు. "ఈ రోజు లెక్కలోకి రాదు," అంది అక్క రేకు వంక చూసి. ఆ సాయంత్రం రెండో సీసా అయిపోయింది.

పన్నెండో రోజు పొద్దున ఇంజనీరు కళ్ళు లోపలికి పోయాయి. చేతి మీద చర్మం పట్టి లాగితే అలాగే నిలబడింది. పిలిస్తే పలకడం లేదు. జీపు జాడ లేదు. అక్క రేకు దగ్గర చాలాసేపు నిలబడి ఒక సీసా పట్టుకొచ్చింది.

"అవి తయారయ్యాయా అక్కా?"

"తెలీదు. నీళ్ళు లేకపోతే ఈ పూట దాటడు, అది ఖాయం. ఇవి తాగితే ఏమవుద్దో ఖాయం లేదు. ఖాయం లేనిదే తాగిద్దాం."

"ముందు నేను తాగి చూస్తాను."

"నువ్వు తాగితే ఆయనకేం ఒరుగుద్ది? గ్లాసు పట్టుకో. ఒలక్కుండా."

నేను గ్లాసు పట్టుకున్నాను. ఆవిడ ఉప్పూ పంచదారా కలిపి చెంచా చెంచా పట్టింది. ప్రతి చెంచాకీ అతని గొంతు కదిలిందా లేదా అని చూశాను. మిగతావాళ్ళు దూరంగా కూర్చుని చూస్తున్నారు. ఎవరూ తమకు కావాలని అడగలేదు. జీపు మూడు గంటలకు వచ్చింది. అడవిలోంచి బయటపడేదాకా మా వెనక పొగ గోడలా నడిచొచ్చింది.

ఇంజనీరు ఆసుపత్రిలో పదమూడు రోజులు ఉండి బతికాడు. ఇంకో పూట నీళ్ళు పడకపోతే ఆసుపత్రి దాకా వచ్చేవాడే కాదని డాక్టరు అన్నాడట. నీళ్ళు ఎందుకు పాడయ్యాయని ఆఫీసులో అడిగితే అక్క నా పేరు చెప్పలేదు. అక్కను పనివాళ్ళ జాబితాలోంచి తీసేయబోతున్నారని తెలిసి, జరిగినదంతా నేనే నా చేత్తో రాసిచ్చాను. ఒక ఏడాది నా మేస్త్రీ పని పోయింది. కూలివాళ్ళతో కలిసి కొలత గొలుసు లాగాను.

మళ్ళీ నన్ను మేస్త్రీని చేసిన వేసవి, మేస్త్రీ ఎవరని అక్క అడిగిందట. నా పేరు చెప్పారు. వచ్చింది. సీసాలకు మూతపెట్టె చేయించుకుని, దానికి తాళం వేసుకుని మరీ వచ్చింది. ఆ తరవాత ఏడు వేసవులు మాతో తిరిగింది. తాళంచెవి ఒక్క రోజు కూడా నా చేతికివ్వలేదు. నేనూ అడగలేదు.