ఎండదెబ్బ మీద నలభై పేజీలు

దోహాలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, మంచి విషయం కాగితం మీద పెట్టి ఇస్తే డాక్టర్లు చదువుతారని నమ్మేదాన్ని. (నవ్వకండి. పుస్తకాలు తప్ప స్నేహితులు లేని పిల్లను.) ఏ జబ్బుకి ఏ వరసలో వైద్యం చేయాలో రాసిపెట్టే విభాగంలో నాదో చిన్న కుర్చీ. ఎండదెబ్బ గురించి కమిటీ తేల్చినదంతా ఎనిమిది నెలలు కూర్చుని నలభై పేజీలు చేశాను. సారం ఒక్కటే: ముందు ఒళ్ళు చల్లబరచండి, పరీక్షలు తరవాత. డాక్టర్లందరూ చదివామని సంతకాలు పెట్టారు. ఒకాయన నా ఎదుటే దాని మీద టీ కప్పు పెట్టుకుని తాగి, ఆ తడి మరక పక్కనే సంతకం గీకాడు. "థాంక్యూ సర్" అన్నాను. ఇంటికెళ్ళి డైరీలో మూడు పేజీలు తిట్టాను.

ఆ వేసవిలోనే ఆ నలభై పేజీలకి ప్రారంభోత్సవం పెట్టారు. ఎమర్జెన్సీ పక్కగదిలో కేకు, టబ్బు నిండా ఐసు, ఐసులో కూల్‌డ్రింకులు. ఎమర్జెన్సీ పెద్ద డాక్టరుగారిది మా గుంటూరే. (అక్కడ వారం సెలవు శుక్రవారం; ఆ రోజు చర్చిలో అంకుల్, డ్యూటీలో సర్.) కేకు కోయబోతుంటే బిల్డింగు పని సైటు నుంచి ఒకతన్ని మోసుకొచ్చారు. ఆయన వెళ్ళి చూసి, "బ్లడ్ పంపండి, స్కాన్ రాయండి" అని చెప్పి మళ్ళీ కేకు దగ్గరికి వచ్చేశారు. వెంట వచ్చిన అతని అన్న (జగిత్యాల వాళ్ళట) నా బ్యాడ్జి మీద పేరు చూసి, "తెలుగామెవా అక్కా? మా తమ్ముని పెయ్యి నిప్పు లెక్క కాలుతున్నది, సోయి లేదు. జర నీళ్ళన్న పొయ్యమను" అన్నాడు.

"సర్... పన్నెండో పేజీలో... ముందు చల్లబరచాలని..." అని నసిగాను.

"రిపోర్టు రానీ అమ్మాయ్. దేనికైనా ఒక పద్ధతుంటుంది. ముందు కేకు తిను."

పద్ధతి! ఎనిమిది నెలలు కళ్ళు పోయేలా ఆ పద్ధతి రాసింది నేను! ఒళ్ళు మండిపోయింది. గబగబా వెళ్ళి ఐసు టబ్బు పట్టుకుని అతని మంచం వైపు లాగాను. "ఏయ్, డ్రింకులు!" అని ఎవరో అరిచారు. సీసాలు నేలంతా దొర్లాయి. జగిత్యాల అన్న రెండో వైపు పట్టాడు. మలయాళీ హెడ్ నర్సు "యల్లా, యల్లా" (కానివ్వండి) అంటూ దుప్పట్లు ఐసు నీళ్ళలో ముంచి తమ్ముడి మీద పరిచింది.

"ఏమిటీ గొడవ?" అంటూ సర్ వచ్చారు.

"పన్నెండో పేజీ సర్. మీ సంతకం కూడా ఉంది," అంది హెడ్ నర్సు, తలెత్తకుండా.

(అంటే ఒక్కరు చదివారు!) ఆయన థర్మామీటరు చూశారు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, తనే ఐసు ముక్కలు అతని చంకల్లో సర్దారు. గంటకి అతను కళ్ళు తెరిచి, "లేబర్ క్యాంప్ బస్సు పోయిందా?" అన్నాడు. అన్న భోరుమన్నాడు.

వారం తిరక్కుండా సర్ పట్టుబట్టి ఎమర్జెన్సీకి ఐసు మిషను తెప్పించారు. నా నలభై పేజీలు ఒక్క కాగితమై దాని తలుపుకి అతుక్కున్నాయి. ఇప్పుడు మీటింగుల్లో నేనూ మాట్లాడతాను, స్లైడ్లు వేస్తాను, మర్యాదగా వాదిస్తాను. డాక్టర్లు మర్యాదగా తలలూపుతారు. అయినా, తడిసిన చుడీదారుతో, మాట రాక టబ్బు లాగిన ఆ పిల్లే నాకన్నా బాగా చెప్పగలిగిందేమో అనిపించి, నాలో నేనే నవ్వుకుంటాను.