నేను తీసేయమన్న అధ్యాయం

నా భార్య పోయిన మంగళవారం మధ్యాహ్నం నంద్యాలలో మా ఇంట్లోనే చనిపోయింది. పొద్దున తల దువ్వించుకుంది. రెండు గుటకలు కాఫీ తాగింది. బీరువా కింది అరలోంచి మూడు నోటుపుస్తకాలు తెప్పించుకుని దిండు పక్కన పెట్టుకుంది. పదకొండింటికి ఊపిరి కష్టమైంది. డాక్టరు వచ్చేసరికి ఆయన చేయడానికి ఏమీ మిగల్లేదు. ఏడాదిగా మూత్రపిండాల జబ్బు. అది అందరికీ తెలుసు. ఆ పుస్తకాల సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె కాలేజీలో కామర్స్ చెప్పేది. తొంభైల చివర్లో పరిశోధనకు చేరింది. విషయం మేధో మూలధనం. భవనాలు, యంత్రాలు కాక, పనిచేసేవాళ్ల తలల్లోనూ చేతుల్లోనూ ఉండే తెలివిని ఆస్తిగా ఎట్లా గుర్తించాలనే చదువు అది. అప్పట్లో దాని మీద రాసేవాళ్లంతా హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీల చుట్టూ తిరిగేవారు. ఆమె ఆళ్లగడ్డ బస్సు ఎక్కింది. అక్కడ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక పెద్దాయన, ఆయన కొడుకు, నలుగురు పనివాళ్లు దేవుళ్ల విగ్రహాలు చెక్కేవారు.

మొదటిరోజు నేనూ వెంట వెళ్లాను. ఆమె గైడు తయారుచేసి ఇచ్చిన ప్రశ్నల కాగితం తీసి చదివింది.

“మీ పనితనానికి ఒకటి నుంచి ఐదు వరకు ఎన్ని మార్కులు వేసుకుంటారు?”

“ఐదంటే పొగరంటారు. ఒకటంటే అబద్దం. నడిమధ్యన మూడు పెడితే నా బొమ్మ ఎవురు కొంటారు మేడం?” అన్నాడు పెద్దాయన. షెడ్డంతా నవ్వింది. “ఆ కాయితం ఆడ పెట్టి ఈడికి రా తల్లీ. ఈ రాయి యిను.”

సుత్తితో తట్టాడు. ఒకచోట గంటలా మోగింది. జానెడు అవతల మొద్దుగా పలికింది.

“ఈడ లోపల పగులుంది. ముక్కు చెక్కేటప్పుడు ఊడొస్తాది. ఆర్నెల్ల పని మట్టిలో కలుస్తాది.”

“అంత ఖచ్చితంగా ఎట్ల తెలుస్తుంది?”

“మా నాయన చెవి మెలేసి నేర్పినాడు. నీకూ మెలేసేదా?”

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టేసింది. తర్వాత నాలుగేళ్లు దాదాపు ప్రతి ఆదివారం వెళ్లింది. నోటుపుస్తకంలో కుడి పేజీలో ఆయన మాట, ఎడమ పేజీలో తన సందేహం. సాయంత్రం గడప బయట నిలబడి చీర దులుపుకుంటే తెల్లటి రాతిపొడి రాలేది. కొన్నాళ్లకు ఏది కనిపిస్తే అది తట్టడం మొదలుపెట్టింది. కూరగాయల మార్కెట్లో కుండలు, ఇంట్లో కొబ్బరికాయలు, చివరికి మా ప్రహరీ. “ఈ గోడలో పగులుంది” అంది ఒకసారి. ఇంటి ఓనరుకు చెప్పమన్నాను. మరుసటి వానాకాలం ఆ గోడ సరిగ్గా అక్కడే విరిగింది.

ఆ షెడ్డు మీద ఆమె రాసిన అధ్యాయం చూసి గైడు, “ఇది కామర్సా, కథలా? టేబుళ్లేవి?” అన్నాడు. ఆమె ఇంటికొచ్చి, “లెక్కకు రానిదాన్ని లేదనుకోవడం సోమరితనం” అంది. ఆమె తరచు అనే మాట అది. నేను ఓదార్చలేదు. “తీసేయ్. ముందు డిగ్రీ రానీ. తర్వాత పుస్తకంగా వేసుకుందువు” అన్నాను.

“మీరు కూడా అంతేనా?” అంది.

తీసేసింది. మళ్లీ ఆళ్లగడ్డ పోయి షెడ్డులో అందరిచేతా ఆ కాగితాలు నింపించింది. అందరూ మూడే పెట్టారు. టేబుళ్లు చాలా శుభ్రంగా వచ్చాయి. డాక్టరేటూ వచ్చింది. నేను ఆమె పేరుకు ముందు డాక్టర్ అని నేమ్ ప్లేట్ చేయించాను. ఆమె దాన్ని తగిలించనివ్వలేదు. చుట్టిన న్యూస్ పేపర్‌లోనే ఇంకా ఉంది.

ఈలోగా షెడ్డులోకి కోత యంత్రాలు వచ్చాయి. ఏళ్ల తరబడి ఆ రొదలో కూర్చుని పెద్దాయన చెవులు పోయాయి. నిరుడు మేము చివరిసారి వెళ్లినప్పుడు ఆయన రాయిని తట్టి, మా ముఖాలకేసి చూశాడు. కొడుకు పక్కకు పిలిచి, “నాయనకు ఇనపడల్యా మేడం. మాకు సగమే చెప్పినాడు. తక్కింది మీ బుక్కుల్లో ఉంటాది గదా?” అన్నాడు. శుభ్రంగా తిరగరాసి తెచ్చిస్తానని ఆమె మాటిచ్చింది. ఆ నెలలోనే జబ్బు బయటపడింది. వారానికి రెండుసార్లు కర్నూలుకు డయాలసిస్. రాయడానికి చెయ్యి నిలిచేది కాదు.

ఆ మధ్యే కాలేజీలో ఒక సెమినార్ జరిగింది. మేధో మూలధన పరిశోధన ఎక్కడుంది, ఇకపై ఎటు పోవాలి అని దాని విషయం. గైడే ముఖ్య అతిథి. కొలతలతో ఈ పరిశోధన ఎండిపోయిందని, ఇకనైనా పనివాళ్ల పక్కన కూర్చుని వినాలని ఆయన చెప్పాడు. చప్పట్లు బాగా కొట్టారు. ఆటోలో వస్తూ ఆమె, “నాకు కోపం ఆయన మీద కాదు” అంది. ఎవరి మీదో నేను అడగలేదు.

ఆమె పోయిన నాలుగోరోజు గైడు పలకరింపుకు వచ్చాడు. కాసేపు కూర్చుని, “మేడం ఫీల్డ్ నోట్సు డిపార్టుమెంటుకు ఇస్తే పదిలంగా ఉంటాయి సార్. ముందుముందు వాటి మీద చాలా పని చేయొచ్చు” అన్నాడు.

“ఆ పని ఆమె చేసింది. మీరు తీయించారు. నేనూ తీయించాను” అన్నాను.

“అప్పటి పద్ధతులు అట్లుండె సార్.”

చావు ఇంట్లో వెళ్లొస్తానని చెప్పకూడదు కాబట్టి ఆయన లేచి వెళ్లిపోయాడు.

పదకొండో రోజు కాకుండా గడప దాటకూడదని మా వదిన అంటోంది. రేపు పొద్దున ఆరింటి బస్సుకు ఆళ్లగడ్డ పోతాను. యంత్రం ఆపమని అడుగుతాను. పెద్దాయన కొడుకు చేతికి సుత్తి ఇచ్చి, అతన్ని రాయి ముందు కూర్చోబెట్టి, మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి గట్టిగా చదువుతాను.