పాత గిరాకీనని చెప్పుకున్నందుకు

నాకు దయ్యాల మీద నమ్మకం ఎప్పుడూ లేదు. ఆత్మకూరులో మా అంగడి గదిని దయ్యముందని ఎవరూ తీసుకోకపోతే, ఆ దయ్యాన్నే చూపించి అద్దె తగ్గించుకున్నవాడిని. ఉదయగిరిలో నాయన చెక్క గరిటెలు అమ్ముతుంటే పక్కన కూర్చుని పెరిగాను. బేరం తప్ప ఇంకో విద్య రాదు.

నా భార్య సరోజ ఇరవై రెండేళ్లుగా మా స్టీలు సామాన్ల అంగట్లో నాతో సమానంగా నిలబడింది. ఒక్కసారి విదేశం చూడాలని ఆమె కోరిక. ఏజెంటుకు కమీషన్ ఇవ్వడానికి నాకు చెయ్యి రాదు. శ్రీలంక ప్రయాణమంతా నేనే ఏర్పాటు చేస్తానన్నాను. జీవితంలో మొదటిసారి పాస్‌పోర్టులు తీసుకున్నాం. టికెట్లు కూడా కొన్నాను.

అక్కడి క్యాండీ ఊళ్లో ఒకావిడ తన ఇంట్లో గదులు అద్దెకిస్తుందని ఫోన్‌లో చూసి మెసేజ్ పెట్టాను. రేటు తగ్గించనంది. మా వైపు బేరం తెగకపోతే ఆఖరున "మేం మీ పాత గిరాకీలమే" అంటాం. అబద్ధమని అంగడివాడికీ తెలుసు. అయినా మర్యాదకు కొంత తగ్గిస్తాడు. నేనూ అలాగే, ఇదివరకు మీ ఇంట్లోనే దిగానని రాసి, మా ఇద్దరి ఫోటో పంపాను.

మీరు గుర్తున్నారని జవాబు వచ్చింది. మేడమీద చివరి గదిలో ఉన్నారనీ, ఒక్కరే వచ్చారనీ, రోజూ పొద్దున రెండు టీలు అడిగేవారనీ రాసింది. ఒకటి చక్కెర లేకుండా, మిరియాల పొడి వేసి. దాన్ని ఎదుటి ఖాళీ కుర్చీ ముందు పెట్టించేవాడినట. ఎవరూ తాగకుండానే చల్లారిపోయేదట. "ఫోటోలో ఉన్న ఈవిడ కోసమేనా?" అని అడిగింది.

సరోజ తాగేది ఆ టీనే. మెసేజులన్నీ పైనుంచి రెండుసార్లు చదివాను. టీ మాట నేనెక్కడా రాయలేదు. నా పాస్‌పోర్టులో ఒక్క ముద్ర లేదు.

అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆవిడ నమ్మలేదు. "మీరే. కాకపోతే ఈ ఫోటోలో కంటే అప్పుడు వయసు ఎక్కువగా కనిపించారు" అంది.

గిన్నెలు తుడుస్తున్న సరోజ అప్పుడే తలెత్తింది. "ఏందయ్యా, ఆయమ్మ తగ్గించిందా లేదా? నువ్వు బేరమాడతా ఉంటే మనం పొయ్యేలోపల ఆ దేశమే మునిగిపోతాది."

"అడగతా ఉండా" అన్నాను.

ఎంత ఎక్కువ, ఇరవయ్యేళ్లా అని రాశాను. అంత లేదు, రెండు మూడేళ్లేమో అంది. బాగా గుర్తు చేసుకోమన్నాను. పదిహేను అన్నాను. పోనీ పది అన్నాను. ఆవిడ నవ్వే బొమ్మ ఒకటి పంపి, గది రేటు తగ్గించింది.

ఆవిడ ఎవరిని చూసిందో నాకు ఇప్పటికీ తెలియదు. సరోజకు చెప్పలేదు. ప్రయాణం వచ్చే నెల. మానుకుంటే మేమిద్దరం కలిసుండే ఆ రెండు మూడేళ్లు పెరుగుతాయో, తరుగుతాయో ఎవరిని అడగాలో తెలియక, సరోజ సర్దుతున్న పెట్టెను రోజూ చూస్తూ ఊరుకుంటున్నాను.