రెబెకా రాసిన మినిట్స్

“నువ్వు కూసున్నప్పుడే సిస్టమ్ ఎందుకు ఆగుతది రెబెకమ్మా? స్నేహలత కూసుంటే ఆగుతలేదు గదా.”

“ఆమె కూసునేదే నేను అన్నం తినే అరగంట, సార్.”

వరంగల్ స్టేషన్ రోడ్డులోని ఆ రక్తపరీక్షల ల్యాబ్ మెట్లెక్కుతుంటే అభిషేక్‌కు ఈ మాటలు వినబడ్డాయి. ఇంజినీరింగ్ మూడో ఏట వదిలేసి కంప్యూటర్లు బాగుచేస్తూ తిరుగుతున్నాడతను. అతణ్ని చూసి కూడా యజమాని సుదర్శన్ గొంతు తగ్గించలేదు. నెలాఖరులోగా సంగతి తేలకపోతే ఆ కుర్చీ స్నేహలతదేనని చెప్పి వెళ్లిపోయాడు.

రెబెకాది నర్సంపేట. ఇరవై రెండేళ్లుగా ఆ కౌంటర్లోనే రిపోర్టులు కొడుతోంది. ఏమైందని అడిగితే ఒకటే మాట, హ్యాంగైందని. ఆగిన తెర పేషెంట్ల కంట పడకూడదని సుదర్శన్ పెట్టిన పద్ధతి ప్రకారం వెంటనే గోడ స్విచ్ ఆర్పేసేది. ఇక చూడటానికి ఏం మిగులుతుంది?

“జరమొచ్చిందంటే డాక్టర్ ఎప్పటి సంది అని అడగడా అక్కా?” అని అభిషేక్ కసిరాడు. ఆగగానే స్విచ్ ముట్టొద్దన్నాడు. ముందు టైమెంతో, తెర మీద ఏముందో, మౌస్ బాణం కదులుతోందో లేదో, క్యాప్స్ లాక్ నొక్కితే లైటు వెలుగుతోందో లేదో రాసి, ఆ తర్వాతే ఆర్పమన్నాడు. గదిలో ఏ చప్పుడైనా వదలొద్దన్నాడు. చర్చిలో స్త్రీల సమాజానికి ఆమే సెక్రటరీ. మీటింగుల్లో జరిగింది జరిగినట్టు రాసే మినిట్స్ లాగే అనుకోమన్నాడు.

ఆమె నిజంగానే ఒక నోటుబుక్కులో అట్లా రాసింది. “దేవుని కృపవలన ఉదయం 10:20కి సిస్టమ్ ఆగెను. బాణము కదలలేదు. లైటు వెలగలేదు. ఫ్రిజ్ గుర్రుమనెను.”

అభిషేక్ నవ్వాడు. మూడు పేజీలు తిప్పేసరికి నవ్వు పోయింది. దాదాపు ప్రతిసారీ ఫ్రిజ్ గుర్రుమంటోంది. రక్తం సీసాల ఫ్రిజ్, కంప్యూటర్ ఒకే బోర్డు మీద ఉన్నాయి. మోటారు అందుకోగానే వోల్టేజీ పడిపోయి మొత్తం మిషన్ బిగుసుకుపోతోంది. ఫ్రిజ్‌ను వేరే లైనుకు మార్చారు. వారమైనా మళ్లీ ఆగలేదు.

ఎన్నిసార్లు ఆగిందో తేదీలతో రాసిమ్మని అభిషేక్‌కు చెప్పాడు సుదర్శన్. స్విచ్ ఆర్పిన ప్రతిసారీ, మళ్లీ లేచాక కంప్యూటర్ తనంతట తానే ఆ సంగతి నమోదు చేసుకుంటుంది. అభిషేక్ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. నోటుబుక్కులో పన్నెండు, కంప్యూటర్లో పదకొండు. పద్నాలుగో తారీఖుది కంప్యూటర్లో లేదు. నెక్కొండ నుంచి వచ్చిన పేషెంట్ కట్టయ్యకు వేరేవాళ్ల షుగర్ రిపోర్టు ఇచ్చింది ఆ రోజే. అక్కర్లేని మాత్రలు రెండు రోజులు మింగి, కళ్లు తిరిగి పడిపోయి, మళ్లీ రైలెక్కి వచ్చి రక్తమిచ్చాడాయన. సిస్టమ్ హ్యాంగై తారుమారైందని చెప్పి పంపారు.

“ఆ రోజు ఆగలే గదా అక్కా.”

రెబెకా ఒప్పుకుంది. పేర్లు తనే తప్పు కొట్టింది. కుర్చీ పోతుందన్న భయంతో సిస్టమ్ ఆగిందని రాసేసింది. సమాజం మినిట్స్‌లో ఏనాడూ ఒక్క అబద్ధం రాయలేదని, ఈ ఒక్క అబద్ధపు రాత మాత్రం తనదేనని చెప్పింది.

“పదకొండే రాయి అభీ. కట్టయ్యది రేపు పొద్దుగాల సార్‌కు నేనే చెప్త. అప్పటిదాంక నీ కాయితం ఆయన చేతుల పడనియ్యకు, బిడ్డా.”