మూడోసారి వన్స్‌మోర్

తాతబ్బాయికి పగ పట్టడం రాదని ఊరంతా అనుకునేది. ఊరికేం తెలుసు! పగలంతా చెరకు నరికే మనిషి, రంగు పూసుకుంటే రాజకుమారుడు. తండ్రిని చంపినవాడి మీద కత్తి దూసే ఆ వేషం అనకాపల్లి చుట్టుపక్కల పదేళ్ళుగా అతనిదే. శత్రురాజు వేషం త్రినాథ్‌ది. వరసకు బావ.

ఆ బావే, పొలంలో మోటారు పోయినప్పుడు పోలీసులకు తాతబ్బాయి పేరు చెప్పాడు. పదకొండు రోజులు లోపల ఉంచారు. సరిగ్గా అప్పుడే తండ్రి పోయాడు. తలకొరివి ఎవరో దాయాది పెట్టాడు. తర్వాత కేసు కొట్టేశారు గానీ, కడుపులో మంట ఎవరు కొట్టేస్తారు?

2004 కొత్తమావాస్య జాతరకి ఒరలో అట్టకత్తి తీసేసి, చెరకు కత్తికి వెండికాగితం చుట్టి పెట్టుకున్నాడు. పొడుస్తాడో మానతాడో అతనికే తెలియదు.

ఆ ఘట్టంలో శత్రురాజు మోకాళ్ళ మీద కూలబడతాడు. రాజకుమారుడు కత్తెత్తి, చంపనా మాననా అని పద్యం పాడి వేటు వేస్తాడు. తాతబ్బాయి కోపమంతా గొంతులో పెట్టి పాడాడు. జనం ఊరుకుంటారా? వన్స్‌మోర్ అన్నారు. అన్నాక పాడి తీరాలి, లేకపోతే నటుడికి పరువు తక్కువ. ఎత్తిన చెయ్యి దించకుండా రెండోసారి పాడాడు. మళ్ళీ వన్స్‌మోర్.

మూడోసారి ఆ పద్యం అతనే విన్నాడు. ఈ నెత్తుటి చేత్తో తండ్రికి నీళ్ళెలా వదలనన్న పాదం ఇన్నేళ్ళూ రాగం తీయడానికే పనికొచ్చింది. ఇప్పుడు అతన్నే నిలదీసి అడిగింది. తలకొరివి ఎలాగూ దక్కలేదు, తద్దినం నీళ్ళయినా మిగలొద్దా? కత్తి వదిలేశాడు. అది బల్లల మీద ఖంగుమంది. హార్మోనియం వాయించే సత్తియ్య ఏం తోచక తెర వేయించాడు.

లోపల కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటుంటే త్రినాథ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు ఒరలోంచి తీసినప్పుడే సూసేను బావా, అట్టది కాదని."

"మరెందుకు లెగనేదు?"

"మోటారు పట్టుకెల్లింది మా తమ్ముడు. ఆణ్ని దాసడానికి నీ పేరు సెప్పేను. లెగడానికి నాకు మొకం నేదు."

తాతబ్బాయి ఏడ్చాడు. ఏడ్చేకొద్దీ ప్రాణం తేలికపడింది. నూనెగుడ్డ బావ చేతికిచ్చి, ముందా మీసం పీక్కోమన్నాడు.

మర్నాడు అదే కత్తి పట్టుకుని చేలోకి వెళ్ళాడు. అంటుకున్న వెండికాగితం ముక్కలు నాలుగు గడలు నరికేసరికి ఊడిపోయాయి.