మన్యం నేల మీద తొలి అడుగు

మా అమ్మాయికి నేను ఒక్క పూటలో నడక నేర్పాను. 1920ల నాటి మాట. అరకులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మన్యం నేల తగిలితే జ్వరమొస్తుందని నేనూ, నా భార్యా పిల్లను రెండేళ్ళు చంకల్లోనే పెంచాం. కొండవాళ్ళ పిల్లలు పరుగులు తీస్తుంటే మాది నిలబడను కూడా లేదు. అవిటిదేమోనని ఇద్దరం ఏడ్చాం.

డుంబ్రిగుడ సంతలో, నా భార్య పక్కనే బేరమాడుతుంటే, ధైర్యం చేసి పిల్లను కిందికి దించాను. చుట్ట వెలిగించి చూసేసరికి పిల్ల లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే కోళ్ళగంప వైపు తప్పటడుగులు వేస్తోంది.

పసుపు అమ్ముకునే కొండ ముసలమ్మ నవ్వింది. "దించితే నడవదేటి బాబూ?"

నిజం చెప్పొద్దూ, నడక నేర్పింది నేను కాదు. దించడం ఒక్కటే నా ఘనత.

ఇది చదివి నా భార్య అంది: "దించడమేటి? సుట్ట కోసం మీరు రెండు సేతులూ వదిలేత్తే అదే జారిపోనాది."