మొదటి పీల్పు

ఇది అప్పుడే రాయలేకపోయాను. అప్పటికి నాకు వచ్చినవి ఒక వాక్యానికి సరిపడా అక్షరాలే. చిన్నప్పుడు మోతె దగ్గర గొర్రెల వెంట తిరిగాను. బడి వేళ, మేత వేళ ఒకటే. అక్షరాలు నేర్చుకున్నది తొంభైల మొదట్లో, నలభై దాటాక, మిర్యాలగూడలో.

అక్కడ ఉప్పుడు బియ్యం మిల్లులో పనిచేసేదాన్ని. వడ్లను తొట్లలో నానబెట్టి, తర్వాత ఆవిరికి ఉడికిస్తారు. ఎక్కువసేపు నానితే నీళ్లు పులుస్తాయి. ఆ వాసన అన్నం దాకా పోతుంది. మొదట్లో నేను తడి వడ్లు గంపలతో మోసేదాన్ని. ఒకరోజు గంపతో పోతూ ఒక తొట్టి పులుస్తున్నదని చెప్పాను. నిజమే అయింది. అప్పటి నుంచి మేస్త్రి నన్ను అడగకుండా నీళ్లు వదిలించేవాడు కాదు. నా నెత్తి మీది గంప దిగింది.

తొట్ల దగ్గర ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. షెడ్డులో ఉన్నవాళ్లు ఉన్నచోటే వాసన చూడకూడదు. బయటికి వెళ్లి, కాసేపు గాలికి నిలబడి, లోపలికొచ్చి ఒక్కసారే వంగి పీల్చాలి. రెండో పీల్పును ఎవరూ నమ్మేవారు కాదు. ఎందుకో ఎవరికీ తెలియదు.

ఒక చలికాలం నాకు జ్వరం, పడిశం వచ్చాయి. జ్వరం తగ్గింది, ముక్కు తెరుచుకుంది, వాసన మాత్రం తిరిగి రాలేదు. పొయ్యి మీద పప్పు మాడినా తెలియలేదు.

"ఇల్లు గాలినా నీకు తెల్వదానే?" అన్నాడు నా భర్త.

మిల్లులో చెప్పలేదు. చెబితే మళ్లీ గంపే. నీళ్ల మీది బుడగలు, పక్కవాళ్ల ముఖాలు చూసి అంచనాగా చెబుతూ వచ్చాను. కొన్ని వారాలు అలా గడిచాయి.

కోదాడ నుంచి వచ్చిన ఒకామె నా పక్కనే పనిచేసేది.

"ఏంటక్కా, ఒక్క తొట్టికి మూడుసార్లు వంగావు? ముక్కు ఇంట్లో పెట్టొచ్చావా?" అంది.

"పడిశం పట్టింది, ఊకో."

"నెల్లాళ్ల పడిశమా? మా ఊళ్లో ఎద్దుకి కూడా అంత పట్టదు." నవ్వి, గొంతు తగ్గించింది. "మేస్త్రిని ఇంకో పూట ఆగమన్నావు కదా, ఇది అప్పుడే పులుపెక్కుతోందక్కా."

నేను మేస్త్రి దగ్గరికి వెళ్లి మాట మార్చుకుని, నీళ్లు వదిలించాను. ఆ వడ్లు దక్కాయి.

ఆ సాయంత్రం మిల్లు వెనక గదిలో పెద్దవాళ్ల చదువు. చెప్పే టీచరమ్మది సూర్యాపేట. బోర్డు మీది మాటలు దించుకోమంటే, నేను పలక మీద వేరే రాశాను: నాకు వాసన తెలుస్తలేదు. సొంతంగా రాసిన మొదటి వాక్యం అదే. నోటితో చెప్పలేకపోయాను.

ఆమె దాన్ని పైకి చదవలేదు. అందరూ వెళ్లాక నా పలక మీద ఒక ముక్కు గీసింది. ముక్కు లోపల, బాగా పైన, తపాలా బిళ్లంత తడి పొర ఉంటుందట. దానిలోని కణాలకు వెంట్రుకల కన్నా సన్నని నూగు. వస్తువుల నుంచి లేచే కంటికి కనపడని రేణువులు ఆ తడిలో కరిగి నూగును తాకుతాయి. ఒక్కో కణం కొన్నిటికే పలుకుతుంది. ఏవేవి పలికాయో చూసుకుని ఇది పులుపు, ఇది మాడు అని మెదడు తేల్చుకుంటుంది. అదే వాసన ఆగకుండా తగిలితే పలకడం తగ్గిపోతుంది. మేము రెండో పీల్పును నమ్మకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది.

"కొన్ని జ్వరాలకు ఆ కణాలు సచ్చిపోతయక్కా. మల్ల పుడ్తయి. కొందరికి నెలలు వడ్తది, కొందరికి రానే రాదు. మిల్లుల చెప్పు."

"చెప్తే మల్ల గంపనే గద టీచరమ్మా."

"చెప్పకుంటే ఏదో ఒకరోజు తొట్టి ఖతమైతది."

మరునాడు పొద్దున మేస్త్రి తొట్టి దగ్గర నిలబడి, "ఏమంటవక్కా, నీళ్లిడుద్దమా?" అన్నాడు. నేను వంగలేదు. నాకు వాసన తెలియడం లేదని, కోదాడ ఆమెను అడగమని చెప్పాను. ఆమె బయటికి వెళ్లి గాలికి నిలబడింది. ఆమె తిరిగి వచ్చేలోపు, గోడ పక్కన బోర్లించిన గంపల్లో ఒకటి తీసుకున్నాను.